పరిశోధనా పోస్టరు: గోడమీద మత్న్, నోటిలో షరహ్

మన కుటుంబాల నుండి విజ్ఞానశాస్త్రాలలో ఉన్నత విద్యకు వెళ్ళే యువతీ యువకులను ఇప్పుడు చాలామందిని చూస్తున్నాము. ఇది సంతోషింపదగిన విషయం. ఐతే ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలోనో, పరిశోధనలో చేరిన తొలి నాళ్ళలోనో వారికి ఒక చిక్కు ఎదురవుతుంది. "ఫలానా సదస్సులో మీరు పోస్టరు సమర్పించవచ్చును" అని లేఖ వస్తుంది. పోస్టరు ఎలా తయారు చేయాలో చెప్పేవారు మాత్రం కనబడరు. సినిమా పోస్టరు మనకు తెలుసు, ఎన్నికల పోస్టరూ తెలుసు. పరిశోధనా పోస్టరు వేరే జాతి. ఏడాది రెండేళ్ళ శ్రమను ఒక్క కాగితం మీదికి ఎక్కించి, పలకకు తగిలించి, దాని పక్కనే నిలబడి, దారిన పోయే పండితుణ్ణి ఆపి వివరించాలి.

ఈ పద్ధతి మరీ ప్రాచీనమైనదేమీ కాదు. పూర్వం సదస్సులలో పరిశోధకుడు వేదిక ఎక్కి తన పత్రం చదివేవాడు. పరిశోధకుల సంఖ్య పెరిగేసరికి వేదికలు చాలలేదు, గంటలూ చాలలేదు. 1960ల చివర ఐరోపాలోని జీవరసాయన శాస్త్రజ్ఞుల సమావేశాలలో కాగితాలు తగిలించి వాటి ముందు నిలబడి మాట్లాడుకునే ఏర్పాటు మొదలయింది. 1974లో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో జరిగిన జీవరసాయన సదస్సు దానిని అందుకున్నది. తరువాత అది ప్రపంచమంతటా వ్యాపించింది. మన విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆతిథ్యంలో, ఇండియన్ సైన్సు కాంగ్రెసు 1976లోనూ 2008లోనూ సమావేశమయింది. ఆ కాంగ్రెసు శాఖలవారీగా ఉత్తమ పోస్టర్లకు బహుమతులు కూడా ఇస్తూ వచ్చింది. కనుక పోస్టరును రెండవ తరగతి టిక్కెట్టుగా భావించి చిన్నబుచ్చుకోనక్కర లేదు.

ఈ వ్యాసం వ్రాయడానికి కారణం మా మేనకోడలు. ఆమె సముద్రతీరాలను గురించి పరిశోధన చేస్తున్నది. మేముండే యారాడకు మూడు వైపులా కొండలు, నాలుగవ వైపు సముద్రం. ఇక్కడి ఇసుక ఏ నెలలో ఎంత కోసుకుపోతున్నదో, ఏ నెలలో ఎంత తిరిగి వచ్చి చేరుతున్నదో ఆమె ఐదు చోట్ల కర్రలు పాతి ఏడాదిపాటు కొలిచింది. ఎండలో, వానలో, పండుగ మరునాడు కూడా వెళ్ళి కొలిచింది.

ఇసుకను కొలవడమేమిటని కొందరు నవ్వవచ్చు. నైరుతి ఋతుపవనాల కాలంలో ఈ తీరం వెంబడి అలలు ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి తోసుకుపోతాయి. 1933లో విశాఖ ఓడరేవు తెరిచారు. ఉత్తరానికి పోవలసిన ఇసుక రేవు దగ్గర అడ్డు తగిలి ఆగుతుంది. దానిని డ్రెడ్జర్లతో తవ్వి తీసి, కోతకు గురవుతున్న రామకృష్ణ బీచి వైపు పోయడం ఓడరేవువారికి అలవాటైన పని. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్రశాస్త్రజ్ఞుడు లా ఫాండ్, ఇక్కడి సహచరునితో కలిసి వాల్తేరు తీరపు కోతను పరిశీలించి 1954లో వ్యాసం ప్రచురించాడు. అంటే మా అమ్మాయి ఎన్నుకున్నది పాత ప్రశ్నే. కాని పడవను ఎక్కడిదాకా లాగి పెట్టాలి, వల ఎక్కడ ఆరవేయాలి అన్నది ఆ ఇసుకను బట్టే ఉంటుంది గనుక ఊరివారికి అది ఏటా కొత్త ప్రశ్నే.

సదస్సువారు పండితుల కోసం ఇంగ్లీషులో ఒక పోస్టరు, సందర్శకుల కోసం తెలుగులో ఒకటి అడిగారు. ఒక శుక్రవారం సాయంత్రం ఆమె సింధియా వైపు నుండి కొండదారి బస్సులో వచ్చి, చేతిసంచిలోంచి తెలుగు పోస్టరు నమూనా తీసి బల్లమీద పరిచింది.

"మామూ, భాష ఒక్కసారి చూసి పెట్టండి. రేపు ప్రొద్దున ప్రింటుకు ఇవ్వాలి" అన్నది.

చూశాను. భాషలో తప్పులు లేవు. కాని ఉన్న మాటలు లెక్కపెడితే రెండు వేలకు తక్కువ లేవు. శీర్షికే మూడు పంక్తులు: "విశాఖపట్నం దక్షిణ తీరంలోని యారాడ వద్ద ఋతుపవన పూర్వ, ఋతుపవన, ఋతుపవనానంతర కాలాలలో తీర రూపరేఖల మార్పులపై ఒక తులనాత్మక అధ్యయనం." ఆమె ఏడాది శ్రమ అంతా అందులో ఉన్నది. చదవగలిగిన మనిషి మాత్రం ఎవడూ ఉండడు.

నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేసినవాణ్ణే. చాలా ఏళ్ళ క్రితం ఒక సదస్సులో అరబ్బీ శాస్త్ర పదాలను తెలుగులోకి తేవడం గురించి పోస్టరు పెట్టాను. ఆధారాలన్నీ చూపాలన్న ఉత్సాహంలో అధోజ్ఞాపికలు కూడా అతికించాను. రెండు గంటలు నిలబడితే ముగ్గురు వచ్చారు. మొదటివారు భోజనశాల ఎటు అని అడిగారు. రెండవవారు నా గురువుగారి క్షేమం అడిగి వెళ్ళారు. మూడవవారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. కళ్ళజోడు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి "ఇంతకీ తమరు కనుక్కున్నదేమిటి, బాబూ?" అన్నారు. నేను తడుముకున్నాను. ఒక్క వాక్యంలో చెప్పవలసి వస్తుందని నాకు అంతవరకు తట్టనే లేదు.

మదరసాలో చదువుకున్నవారికి ఈ విషయం సులభంగా చెప్పవచ్చు. మన పాఠ్యగ్రంథాలలో మత్న్ అని ఒకటి, షరహ్ అని మరొకటి ఉంటాయి. మత్న్ అనగా మూలం, పొదుపుగా కూర్చిన గ్రంథం. షరహ్ అనగా దానికి వివరణ. పదమూడవ శతాబ్దపు ఇబ్నుల్ హాజిబ్ వ్రాసిన కాఫియా చిన్న పుస్తకం, అరబ్బీ వాక్యనిర్మాణ శాస్త్రమంతా అందులో ముడుచుకొని ఉంటుంది. పదిహేనవ శతాబ్దంలో జామీ దానికి వ్రాసిన షరహ్ ఎన్నో రెట్లు పెద్దది. మనమందరం మత్న్ ముందు పెట్టుకొని షరహ్ ఉస్తాదు నోట విన్నవాళ్ళమే. పోస్టరు సంగతీ అంతే. పలక మీద ఉండవలసినది మత్న్. షరహ్ పక్కన నిలబడిన మనిషి. పరిశోధకులు చేసే పెద్ద పొరపాటు షరహ్‌ను, దాని మీద హాషియాను కూడా తెచ్చి పలక మీద అచ్చు వేయడం. అప్పుడు చదివేవాడికి ఓపిక ఉండదు, చెప్పేవాడికి చెప్పడానికి ఏమీ మిగలదు.

"అమ్మా, ఏడాది కొలిచావు కదా, నీకు తెలిసిందేమిటి? మీ అమ్మీకి చెప్పినట్టు చెప్పు" అన్నాను. ఆమె ఒక నిమిషం ఆలోచించి ఒక వాక్యం చెప్పింది. ఆ ఫలితం ఆమె ప్రచురించవలసినది కాబట్టి ఇక్కడ దానిని మార్చి, కేవలం ఉదాహరణ కోసం ఇలా అనుకుందాం: "వానాకాలపు కోత యారాడ తీరమంతటా సమానం కాదు, కొండ దాపున తక్కువ." ఇదే శీర్షిక కావాలి. అధ్యయనం, పరిశీలన, తులనాత్మకం వంటి మాటలు పరిశోధకుడు చేసిన పనిని చెబుతాయి. చదువరికి కావలసినది ఆ పని వల్ల తెలిసిన విషయం. శీర్షిక ఒక్కటే చదివి వెళ్ళిపోయినవాడు కూడా ఒక సంగతి తెలుసుకొని వెళ్ళాలి. ఐతే శీర్షికలో ఋజువైనంత మాత్రమే చెప్పాలి. ఒక్క ఏడాది కొలతలతో "ఎల్లప్పుడూ" అనరాదు.

శీర్షిక కుదిరిన తరువాత తక్కినదంతా దానికి సాక్ష్యం. ఏ ప్రశ్నతో మొదలుపెట్టారు, ఎలా కొలిచారు, ఏమి కనబడింది, దాని హద్దులేమిటి: ఈ నాలుగూ ఉంటే చాలు. మొత్తం మాటలు మూడు నాలుగు వందలు దాటకుండా చూసుకోవాలి, ఎనిమిది వందలంటే అప్పటికే ఎక్కువ. పనిముట్ల వివరాలు, గణిత సూత్రాలు అడిగినవారికి చూపడానికి వేరే కాగితం మీద ఉంచుకోవచ్చు. ఇప్పుడు మూలన క్యూ ఆర్ కోడ్ ముద్రిస్తే ఫోనుతో పూర్తి వ్యాసం అందుకునే వీలు కూడా ఉన్నది.

కన్ను ఎలా చదువుతుంది అన్న సంగతి ఇక్కడ తెలుసుకోవాలి. పదకొండవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో, కైరోలో ఉంటూ, ఇబ్నుల్ హైసమ్ కితాబుల్ మనాజిర్ అనే దృష్టిశాస్త్ర గ్రంథం వ్రాశాడు. అందులో ఒక ప్రయోగం ఉన్నది. ఒకే మాటను రెండు చిన్న తోలుకాగితం ముక్కల మీద వ్రాస్తారు. ఒకదానిని ఎదురుగా, చూపుకు నడిమధ్యన నిలుపుతారు. చూపును దాని మీదనే ఉంచి, రెండవ ముక్కను మెల్లగా పక్కకు జరుపుతారు. జరిగేకొద్దీ ఆ రెండవ ముక్క మీది మాట అస్పష్టమవుతుంది, చివరకు అక్షరాలే తెలియవు. ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చును. చూపు నిలిచినచోట మాత్రమే మనం చదవగలము, చుట్టూ ఉన్నది కేవలం రంగులు, ఆకారాలుగా కనబడుతుంది. దీని నుండి పోస్టరుకు రెండు సంగతులు తేలుతాయి. మొదటిది, నాలుగైదు అడుగుల దూరాన నిలిచినవాని చూపు మొదట దేని మీద పడాలో మనమే నిర్ణయించి, దానిని పెద్దదిగా, చుట్టూ ఖాళీ వదిలి ఉంచాలి. ఖాళీ అంటే వృథా కాదు. రెండవది, అక్కడి నుండి చూపు ఎటు పోవాలో తోవ ఉండాలి. నిలువు వరుసలుగా విభజించి, తెలుగు పోస్టరుకు ఎడమ నుండి కుడికి నడపాలి. (ఉర్దూ, అరబ్బీ పోస్టరైతే వరుసలూ కుడి నుండే మొదలు కావాలి. తెలుగు నమూనాలో ఉర్దూ పోసి తెచ్చినవారిని చూశాను. చదివేవాడు ముగింపుతో మొదలుపెట్టి ప్రశ్న దగ్గర ఆగిపోతాడు.)

ఇక అక్షరాల కొలత. చాలా సదస్సులు ఏ-జీరో కాగితం అడుగుతాయి, అనగా 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు. నిలువా అడ్డమా అన్నది నిర్వాహకులను అడిగి తెలుసుకున్న తరువాతనే పని మొదలుపెట్టాలి. ఇది అడగక చివరి రోజున ఏడ్చినవారు ఉన్నారు. శీర్షిక కనీసం 100 పాయింట్లు ఉండాలి, అనగా సుమారు మూడున్నర సెంటీమీటర్లు. లోపలి వచనానికి ఇంగ్లీషు పుస్తకాలు 24 పాయింట్లు చాలునంటాయి. తెలుగుకు అది చాలదు. మన అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద వత్తు ఉంటాయి. అదే కొలతలో అక్షరపు బొమ్మ చిన్నదై, పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. 36 పాయింట్లకు తగ్గకుండా, పంక్తుల మధ్య దూరం బాగా పెంచి వేయాలని నా అభిప్రాయం. దీనికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. మొత్తం పోస్టరును మామూలు ఏ-ఫోర్ కాగితం మీద ముద్రించండి. పొడవూ వెడల్పూ సరిగ్గా నాలుగవ వంతు అవుతాయి. 36 పాయింట్ల అక్షరం 9 అవుతుంది, 24 పాయింట్ల అక్షరం 6 అవుతుంది. ఆ చిన్న కాగితాన్ని చేతిలో పట్టుకొని సుఖంగా చదవగలిగితే పెద్దది కూడా చదవవచ్చు. మా అమ్మాయి తెచ్చిన నమూనాను ఇలా చేసి చూస్తే చీమల బారు కనబడింది.

తెలుగు పోస్టరుకు అచ్చు దుకాణంలో మరొక గండం ఉన్నది. ఇంట్లో యూనికోడ్ అక్షరాలలో చక్కగా కూర్చినది, దుకాణంలో అను ఫాంట్లు ఉన్న యంత్రంలో తెరిస్తే వత్తులు చెదరిపోతాయి. "స్త్రీ" మూడు ముక్కలవుతుంది. దీనికి విరుగుడు ఫాంట్లను లోపలే పొదిగిన పీడీఎఫ్‌గా ఇవ్వడం, అచ్చుకు ముందు దుకాణం తెర మీద ప్రతి పంక్తీ చదవడం. ఫ్లెక్సు మీద వేయిస్తే చౌక, చిరగదు. కాని మెరుపు వల్ల దీపాల కింద చదవడం కష్టం. మెరుపులేని కాగితమో గుడ్డో మేలు. గుడ్డను మడిచి సంచిలో పెట్టుకోవచ్చు కూడా.

బొమ్మల విషయంలో కొంత ఆగి చెప్పాలి, నిజాయితీ పరీక్ష జరిగేది అక్కడే. మా అమ్మాయి నమూనాలో అరవై అంకెల పట్టిక ఉన్నది. దాని స్థానంలో ఒక్క రేఖాపటం చాలు: అడ్డంగా నెలలు, నిలువుగా తీరపు వెడల్పు, ఐదు కర్రలకు ఐదు గీతలు. ప్రతి గీత చివర దాని పేరు అక్కడే వ్రాయాలి. రంగుల పట్టీ మూలన పెట్టి "ఆకుపచ్చ అంటే మూడవ కర్ర" అని వెతికించరాదు. పైగా ఎరుపు, ఆకుపచ్చ రంగులకు తేడా తెలియని పురుషులు ఎక్కడైనా కొందరుంటారు. నీలం, నారింజ వాడితే వారికీ తెలుస్తుంది. నిలువు కొలతను సున్నా నుండి కాక మధ్యలో మొదలుపెడితే చిన్న మార్పు కొండంతగా కనబడుతుంది. అలా చేయవలసి వస్తే ఆ మాట బొమ్మ పక్కనే వ్రాయాలి. ప్రతి కొలతకూ పొరపాటుకు అవకాశం ఎంత ఉన్నదో నిలువు గీతలతో చూపాలి. వాటిని తీసివేస్తే బొమ్మ అందంగా ఉంటుందని ఎవరో ఆమెకు సలహా ఇచ్చారట. అందంగా ఉంటుంది నిజమే, సాక్ష్యం మాత్రం పోతుంది.

హదీసు విద్యలో సనద్ లేని మాటకు విలువ లేదని మనకు చిన్ననాడే నేర్పుతారు. పోస్టరులో సనద్ ఏదంటే కొలతలు ఎవరు తీశారు, ఏ తేదీల మధ్య, ఏ పనిముట్టుతో, పాత లెక్కలు ఎవరివి అన్నది. నాలుగు పంక్తులు చాలు, కాని అవి ఉండి తీరాలి. కృతజ్ఞతలు చెప్పేచోట ఆచార్యుల పేరు వ్రాసి, తెల్లవారుజామున కర్రలు పాతడానికి తోడు వచ్చిన జాలరులను మరచిపోతే ఆ గొలుసులో ఒక కడియం తెగినట్టే. మా అమ్మాయి మరచిపోలేదు. పట్టుబట్టి చేర్చినది ఆమెనే.

2019లో అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర పరిశోధన చేస్తున్న మైక్ మారిసన్ అనే యువకుడు ఒక కొత్త నమూనా ప్రతిపాదించాడు. పోస్టరు నడిమధ్యన విశాలమైన చోటులో పరిశోధన సారాన్ని ఒక్క వాక్యంగా పెద్ద అక్షరాలలో వేయాలి, వివరాలు ఇరుపక్కల సన్నని వరుసలలోకి పోవాలి అని. దీని మీద వాదోపవాదాలు జరిగాయి. మధ్యన వాక్యం తప్ప సాక్ష్యం కనబడటం లేదని విమర్శ. నాకు ఆ విమర్శ సబబుగానే తోస్తుంది. అంత చోటు వాక్యానికే ఇచ్చే బదులు, శీర్షికలో వాక్యం, మధ్యలో పెద్ద రేఖాపటం పెట్టవచ్చు. అయినా ఒక్క వాక్యం కోసం పరిశోధకుణ్ణి వెతికించినందుకు ఆ యువకునికి ధన్యవాదాలు చెప్పాలి.

ఇక నోటి పని. మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎవరైనా అడిగేదాకా మౌనంగా నిలబడతారు. దానిని వినయమని మెచ్చుకుంటాము. పోస్టరు దగ్గర అది వచ్చినవారికి అసౌకర్యం. అతను చదవాలా, అడగాలా, పోవాలా తెలియక పోతాడు. ఎవరైనా ఆగి చూస్తుంటే సలాము చేసో, నమస్కరించో, "ఒక్క నిమిషంలో చెప్పమంటారా?" అని అడగాలి. సరేనంటే నిజంగా ఒక్క నిమిషంలోనే చెప్పాలి: ప్రశ్న, చేసిన పని, తెలిసినది. ఆ తరువాత ఆగాలి. షరహ్ విద్యార్థిని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. కొలత పద్ధతి అడిగినవానికి పద్ధతి చెప్పాలి. ఫలితంతో తృప్తిపడి వెళ్ళేవానిని ఆపరాదు. పోస్టరుకు అడ్డంగా నిలబడరాదు, పక్కన నిలబడి, వేలితో కాక అరచేతితో చూపాలి. పోస్టరు వైపు తిరిగి చదవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వచ్చినవారికి చదవడం వచ్చు.

ఆ రాత్రి ఇషా తరువాత ఇద్దరం కూర్చుని రెండు వేల మాటలను మూడు వందల యాభైకి తెచ్చాము. ప్రతి పంక్తి కొట్టివేసేటప్పుడూ ఆమె "ఇది కూడా కష్టపడి చేసినదే, మామూ" అన్నది. నిజమే. "దానిని నోట చెబుతావు" అంటూ కొట్టివేశాను. రెండు చోట్ల ఆమె మాటే నెగ్గింది, ఆ రెండూ ఉండవలసినవే. తరువాత మా ఇంటావిడను నిలబెట్టి ఆ ఒక్క నిమిషపు ప్రసంగం నాలుగుసార్లు అప్పగించింది. మూడవసారికి మా ఇంటావిడ "కొండ దాపున ఎందుకు తక్కువ?" అని అడిగింది. అడిగించగలిగితే పోస్టరు పని చేస్తున్నట్టే.

సదస్సు నుండి ఆమె ఒక చిన్న నోటుబుక్కుతో తిరిగి వచ్చింది. అడిగిన ప్రశ్నలన్నీ వ్రాసుకోమని చెప్పి పంపాను. అందులో తెలుగు పోస్టరు ముందు ఒక వృద్ధుడు, పూర్వం చేపలవేటకు పోయినవాడు, చాలాసేపు నిలబడి అడిగిన ప్రశ్న ఉన్నది: "అమ్మా, సముద్రం తీసుకుపోయే ఇసుక కొలిచావు, బాగుంది. వానలకు కొండ మీదినుండి నీళ్ళు దించే ఇసుక ఎక్కడ లెక్కవేశావు?" ఆమె దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పింది. ఈ వానాకాలానికి ఆమె కర్రలు ఐదు కాదు, ఏడు. కొత్త రెండూ కొండనీళ్ళు దిగేచోట పాతింది.